ఇల్లు కొనాలా, అద్దెకే ఉండాలా? గృహ రుణంపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి అప్పు గురించే ఉన్నాయి. రాసినవారు వేర్వేరు దేశాల్లో ఉంటున్నారు కనుక పన్ను రాయితీలు, రిజిస్ట్రేషన్ నిబంధనలు ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా ఉంటాయి. వాటిని మీ ప్రాంతంలోని ఆడిటరునో న్యాయవాదినో అడిగి తెలుసుకోవడం మంచిది. ఎక్కడున్నవారికైనా వర్తించే లెక్కలనే ఇక్కడ చర్చిస్తున్నాం. సమాధానాల్లోని మొత్తాలను మీ మీ కరెన్సీలో చదువుకోవచ్చు.

ప్రశ్న: మేము అద్దెకుంటున్న ఇంటికి నెలకు 25,000 కడుతున్నాం. సరిగ్గా అలాంటిదే ఒక ఇల్లు కోటికి అమ్మకానికి వచ్చింది. మా దగ్గర 20 లక్షలు ఉన్నాయి. మిగిలిన 80 లక్షలు 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో ఇస్తామని బ్యాంకువారు అంటున్నారు. నెల వాయిదా 72 వేల దాకా వస్తుంది. అద్దె కట్టడం బూడిదలో పోసిన పన్నీరేనని, వాయిదా కడితే చివరికి ఇల్లయినా మిగులుతుందని మా పెద్దవాళ్లు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: అద్దెగా ఇచ్చిన డబ్బు తిరిగి రాదన్న మాట నిజమే. కానీ వాయిదాగా కట్టే డబ్బులో కూడా తిరిగి రానిది చాలా ఉంటుంది. అద్దెను వాయిదాతో పోల్చడం వల్ల ఆ సంగతి కంటికి కనిపించదు. పోల్చాల్సింది అద్దెకుంటే తిరిగి రాకుండా పోయే మొత్తాన్ని, కొనుక్కుంటే తిరిగి రాకుండా పోయే మొత్తంతో.

మీ లెక్కే తీసుకుందాం. 80 లక్షలకు 9 శాతం వడ్డీ మొదటి నెలలో 60,000 అవుతుంది. మీరు కట్టే వాయిదా 71,978. అంటే అసలుకు జమయ్యేది 11,978 మాత్రమే. ఐదేళ్ల పాటు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే మీ చేతి నుంచి 43 లక్షలకు పైగా వెళ్తుంది, అప్పు మాత్రం 80 లక్షల నుంచి సుమారు 71 లక్షలకే దిగుతుంది. వాయిదాలో అసలు వాటా వడ్డీ వాటాను దాటేది పన్నెండేళ్లు గడిచాకే. ఇందులో బ్యాంకు చేసే మోసమేమీ లేదు, మిగిలి ఉన్న అసలు మీదే వడ్డీ కట్టే ఏ అప్పయినా ఇలాగే నడుస్తుంది. అయితే ఐదేళ్లకో ఆరేళ్లకో ఉద్యోగం మారి ఇల్లు అమ్మాల్సి వచ్చినవారికి ఈ విషయం అప్పుడు తెలిసి గుండె గుభేలుమంటుంది. అందుకే సంతకం పెట్టకముందే, నెలవారీగా అసలెంత వడ్డీయెంత అని చూపించే పట్టికను బ్యాంకు నుంచి అడిగి తీసుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవాలి.

మొదటి ఏడాదిలో తిరిగి రాని ఖర్చు ఎంతో చూద్దాం. వడ్డీ 7 లక్షల 14 వేలు. మరమ్మతులు, ఇంటి పన్ను, బీమా, నిర్వహణ ఛార్జీలు కలిపి ఇంటి ధరలో ఒక శాతం అనుకున్నా లక్ష. మీ 20 లక్షలు డౌన్ పేమెంటుకు పెట్టకుండా 6 శాతం వచ్చేచోట దాచుకుని ఉంటే వచ్చే లక్షా 20 వేలు కూడా ఖర్చు కిందికే వస్తుంది. మొత్తం 9 లక్షల 34 వేలు. అదే ఇంట్లో అద్దెకుంటే ఏడాదికి అయ్యేది 3 లక్షలు. ఈ 6 లక్షల 34 వేల తేడా పూడాలంటే ఆ ఏడాది ఇంటి ధర 6 శాతానికి పైగా పెరగాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, న్యాయవాది ఫీజు, కమిషన్ వంటివి ఇందులో ఇంకా కలపలేదు. వాటిని 7 శాతం అనుకుంటే మరో 7 లక్షలు కావాలి. మీ దగ్గరున్న 20 లక్షలు ఇంటి ధరకే సరిపోతున్నప్పుడు ఆ 7 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మీ ఉత్తరంలో లేదు. చాలామంది ఇక్కడే చేబదులుకో, ఎక్కువ వడ్డీ పడే వ్యక్తిగత రుణానికో, బంగారం తాకట్టుకో వెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక ఎన్నాళ్లు ఉంటారన్నది చూడాలి. అద్దెకుంటూ మిగిలే డబ్బంతా నెలనెలా దాచితే దానిపై పన్ను పోను 6 శాతం వస్తుందని, అద్దె, నిర్వహణ ఖర్చులు ఏటా 5 శాతం పెరుగుతాయని, కొనేటప్పుడు 7 శాతం, అమ్మేటప్పుడు 2 శాతం ఖర్చవుతుందని అనుకుని లెక్క వేశాను. ఐదేళ్లకే ఇల్లు అమ్మాల్సి వస్తే, ధర ఏటా 8 శాతానికి కాస్త పైగా పెరిగి ఉంటేనే కొన్నవారు అద్దెకున్నవారితో సమానంగా నిలుస్తారు. అదే పదిహేనేళ్లు ఉంటే 6.3 శాతం చాలు. అద్దె ఏటేటా పెరుగుతుంది, వడ్డీ రేటు మారనంత కాలం వాయిదా పెరగదు. ఇవాళ 25 వేలున్న అద్దె ఏటా 5 శాతం చొప్పున పదేళ్లకు 40 వేలు దాటుతుంది, ఇరవై ఏళ్లకు 66 వేలకు చేరుతుంది. కాలం గడిచేకొద్దీ తూకం కొన్నవారివైపు వంగడానికి కారణం ఇదే. మీ పెద్దవాళ్ల మాటలో ఉన్న నిజం కూడా ఇదే, కాకపోతే అది పదేళ్ల లోపు కనిపించే నిజం కాదు.

మరో కొలత కూడా ఉంది. ఇంటి ధరను ఏడాది అద్దెతో భాగించి చూడండి. మీ విషయంలో కోటిని 3 లక్షలతో భాగిస్తే 33 వస్తుంది, అంటే ఇంటి ధర 33 ఏళ్ల అద్దెకు సమానం. ఈ అంకె 15కు అటూ ఇటూగా ఉంటే కొనడం వైపు, 20 దాటితే అద్దె వైపు మొగ్గడం స్థూలంగా చాలామంది పాటించే పద్ధతి. వడ్డీ రేట్లు బాగా తక్కువగా ఉన్న దేశాల్లో 25 ఉన్నా కొనడం నష్టం కాకపోవచ్చు. 9 శాతం వడ్డీ కడుతూ, ఇంటి ధరలో 3 శాతమే అయిన అద్దెను మిగుల్చుకునే మీకు మాత్రం 33 చాలా ఎక్కువ.

అద్దె వైపు కూడా ఒక షరతు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పై లెక్క అంతా వాయిదాకూ అద్దెకూ మధ్య మిగిలే 47 వేలను మీరు ప్రతి నెలా నిజంగా పొదుపు చేస్తారన్న నమ్మకం మీద నిలిచింది. అది ఖర్చయిపోతుంటే అద్దెకుండి మిగిలేది ఏమీ ఉండదు. వాయిదాకున్న పెద్ద బలం మనసు ఎటు లాగినా నెలకోసారి ఖాతా నుంచి కట్ అవుతూ ఉండటమే. కాబట్టి నా సలహా ఇది: వచ్చే ఏడాది పాటు, అప్పు తీసుకున్నట్టే అనుకుని ఆ 47 వేలను జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మళ్లించండి. ఏడాది పొడవునా ఇబ్బంది లేకుండా చేయగలిగితే వాయిదా మోసే శక్తి మీకుందని తెలుస్తుంది, చేతిలో అదనంగా ఐదున్నర లక్షలకు పైగా ఉంటుంది. మూడో నెలకే చేతులెత్తేస్తే, ఆ సంగతి అప్పు మీద పడకముందే తెలిసినట్టవుతుంది. ఈలోగా మీరు ఆ ఊళ్లో కనీసం పదేళ్లుంటారా లేదా అన్నది తేల్చుకోండి. ఉంటామని గట్టిగా చెప్పలేకపోతే ఇప్పుడు కొనవద్దనే అంటాను.

ప్రశ్న: నా చేతికొచ్చే జీతం నెలకు 1,20,000. దాని మీద 60 లక్షల దాకా రుణం ఇస్తామంటున్నారు. అంతా తీసుకుని కాస్త పెద్ద ఇల్లే కొనుక్కోవడం మంచిదా?

జవాబు: బ్యాంకు చెప్పే అర్హత దాని అప్పు తిరిగి వస్తుందా లేదా అన్నదాని మీద వేసిన లెక్క. మీరు కట్టలేకపోతే ఇల్లు దాని తాకట్టులోనే ఉంటుంది. మీ ఇంట్లో పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం ఎలా నడుస్తాయన్నది ఆ లెక్కలో పెద్దగా ఉండదు. 60 లక్షలకు 9 శాతం మీద 20 ఏళ్లకు వాయిదా 54 వేలు, అంటే జీతంలో 45 శాతం. వాహన రుణం వంటివాటితో కలిపి అన్ని వాయిదాలూ చేతికొచ్చే జీతంలో 35 శాతం దాటకూడదని నా అభిప్రాయం. ఆ లెక్కన మీకు 42 వేలు, అంటే ఇంచుమించు 46 లక్షల రుణం సరిపోతుంది. డౌన్ పేమెంటు కట్టిన మరునాడు కూడా, వాయిదాతో సహా ఆరు నెలల ఇంటి ఖర్చు మీ ఖాతాలో మిగిలి ఉండాలి. అప్పు మొత్తానికి సరిపడే టర్మ్ బీమా (గడువు లోపు మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోవాలి, లేకపోతే మీకేమైనా అయితే కుటుంబం మీద అప్పు, ఇల్లు పోతుందన్న భయం ఒకేసారి పడతాయి.

ప్రశ్న: 40 లక్షల రుణం 9 శాతం ఫ్లోటింగ్ (మార్కెట్‌ను బట్టి మారే) వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్నాం. కొన్ని నెలలకే వడ్డీ 10 శాతమైంది. వాయిదా మారలేదు కదా అని ఊరుకున్నాం. ఇప్పుడు స్టేట్‌మెంటులో గడువు 26 ఏళ్లని ఉంది. పొరపాటున పడిందా?

జవాబు: పొరపాటు కాదు. ఈ ఉత్తరం పంపినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే ఇదే స్థితిలో ఉండి స్టేట్‌మెంటు తెరిచి చూడనివారు ఎందరో ఉన్నారు.

మీ వాయిదా 35,989. వడ్డీ 9 శాతం ఉన్నప్పుడు మొదటి నెలలో 30,000 వడ్డీకి పోగా 5,989 అసలుకు జమయ్యేది. 10 శాతానికి వడ్డీయే 33,333. అసలుకు మిగిలేది 2,656. ఒక్క శాతం పెరిగితే అప్పు తీరే వేగం సగానికి కంటే తక్కువైంది, అందుకే గడువు 240 నెలల నుంచి 314 నెలలకు పాకింది. 10.5 శాతమైతే 34 ఏళ్లు పడుతుంది. 11 శాతానికి చేరితే నెల వడ్డీ 36,667 అవుతుంది, మీ వాయిదా దానికి కూడా చాలదు, కడుతున్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. బ్యాంకుకు వెళ్లి, గడువును మళ్లీ 20 ఏళ్లకు తెచ్చి వాయిదా పెంచమని రాతపూర్వకంగా కోరండి. కొత్త వాయిదా 38,600 అవుతుంది, నెలకు 2,600 అదనం. ఆ 2,600 కట్టకుండా గడువును 26 ఏళ్లకు వదిలేస్తే మీరు మొత్తం మీద కట్టేది 20 లక్షలకు పైగా ఎక్కువవుతుంది. భారతదేశంలో ఉంటే, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్న ఎంపికను రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఆ హక్కును వాడుకోండి. వడ్డీ తగ్గినప్పుడు ఇదే పని తిరగేసి చేయండి, అంటే వాయిదాను తగ్గించమనకుండా పాతదే కొనసాగించి గడువు కుదించమని అడగండి.

ఫ్లోటింగ్ కన్నా స్థిర వడ్డీ మేలా అని కూడా చివర్లో అడిగారు. స్థిరం అన్న మాటకు దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. అమెరికాలో 30 ఏళ్ల పాటు ఒకే వడ్డీ ఉండే రుణం మామూలే, డెన్మార్క్‌లోనూ అలాంటివి దొరుకుతాయి. బ్రిటన్‌లో చాలావరకు రెండేళ్లకో ఐదేళ్లకో వడ్డీ స్థిరంగా ఉండి, తర్వాత అప్పటి రేటుకు మారుతుంది. కెనడాలో అప్పు 25 ఏళ్లకు పరిచినా వడ్డీ ఒప్పందం ఎక్కువగా ఐదేళ్లదే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2021 డిసెంబరు దాకా 0.1 శాతంగా ఉండి, 2023 ఆగస్టుకల్లా 5.25 శాతానికి చేరింది. ఆ మధ్యలో ఒప్పంద కాలం ముగిసినవారి వాయిదాలు ఒక్కసారిగా ఎగబాకాయి. కనుక ఎన్నేళ్లకు స్థిరం, ఆ తర్వాత ఏ రేటుకు మారుతుంది, మధ్యలో అప్పు తీర్చేస్తే జరిమానా ఎంత అన్న మూడు సంగతులు ఒప్పంద పత్రంలో చూడకుండా స్థిర వడ్డీ మంచిదనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. కొత్తగా అప్పు తీసుకునేవారెవరైనా వడ్డీ మరో రెండు శాతం పెరిగితే తమ వాయిదా ఎంతవుతుందో ముందే లెక్క వేయించుకుని, అదీ భరించగలమనుకుంటేనే ఫ్లోటింగ్‌కు వెళ్లాలి.

ప్రశ్న: మొదటి ఐదేళ్లు వడ్డీ మాత్రమే కట్టి, అసలు చివర్లో ఒకేసారి చెల్లించే పథకం చెబుతున్నారు. వాయిదా చాలా తక్కువగా ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: ఆ ఐదో ఏట మొత్తం అసలు చేతిలో ఉంటుందని ఇప్పుడే చూపించగలిగితే తప్ప వద్దు. 1920ల అమెరికాలో ఇళ్ల రుణాలు చాలావరకు ఇలాగే ఉండేవి, కొద్ది సంవత్సరాల గడువు పెట్టి, చివర్లో కొత్త అప్పుతో పాతది తీర్చడం అలవాటుగా సాగేది. ఆర్థిక మాంద్యం రాగానే కొత్త అప్పు ఇచ్చేవారు లేకపోయారు, లక్షల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. 1933లో అక్కడి ప్రభుత్వం ఒక సంస్థను పెట్టి, దాదాపు పది లక్షల రుణాలను 15 ఏళ్ల పాటు అసలూ వడ్డీ కలిపి కొంచెం కొంచెంగా తీరే అప్పులుగా మార్చింది. మనం ఇవాళ కట్టే సమాన నెలవాయిదాల పద్ధతి అంత విస్తృతంగా పాతుకుపోవడానికి ఆ చేదు అనుభవం ఒక పెద్ద కారణం.

ప్రశ్న: నా జీతం ఒక కరెన్సీలో వస్తుంది. మరో దేశపు కరెన్సీలో అప్పు తీసుకుంటే వడ్డీ బాగా తక్కువ అంటున్నారు.

జవాబు: వడ్డీ తగ్గినట్టు కనిపించినా, మారకపు విలువ మారినప్పుడు అసలే పెరుగుతుంది. 2000ల దశకంలో పోలండ్, హంగరీ దేశాల్లో ఎన్నో కుటుంబాలు తక్కువ వడ్డీ చూసి స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి రుణాలు తీసుకున్నాయి. సంపాదన మాత్రం సొంత కరెన్సీలోనే. 2008 సంక్షోభం తర్వాత ఫ్రాంకు బలపడుతూ పోయింది, 2015 జనవరిలో యూరోతో పోలిస్తే ఫ్రాంకు మరీ బలపడకుండా పెట్టుకున్న పరిమితిని స్విస్ కేంద్ర బ్యాంకు ఎత్తేయగానే ఒక్కరోజులో ఎగిసింది. ఏళ్ల తరబడి కట్టినా, సొంత కరెన్సీలో చూస్తే మొదట తీసుకున్నదానికన్నా ఎక్కువ బాకీ మిగిలినవారున్నారు. ఏ కరెన్సీలో సంపాదిస్తారో దానిలోనే అప్పు చేయండి.

ప్రశ్న: బోనసుగా 5 లక్షలు వచ్చాయి. 80 లక్షల ఇంటి అప్పు తీసుకుని ఏడాదైంది. మొదట్లో కడితేనే లాభమని, చివర్లో కడితే దండగని స్నేహితులు అంటున్నారు. అప్పుకు కట్టాలా, పెట్టుబడి పెట్టాలా?

జవాబు: 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే, ఇప్పుడు 5 లక్షలు కట్టి వాయిదా అలాగే ఉంచితే అప్పు సుమారు 34 నెలల ముందే తీరుతుంది, 19 లక్షలకు పైగా వడ్డీ తగ్గుతుంది. అదే 5 లక్షలు పదిహేనేళ్లు గడిచాక కడితే తగ్గేది రెండున్నర లక్షలే. మీ స్నేహితులు చెప్పేది ఈ తేడా గురించే. కానీ ఇందులో ఒక భ్రమ కూడా ఉంది. ఎప్పుడు కట్టినా ఆ డబ్బు మీకు ఏటా 9 శాతమే ఆదా చేస్తుంది. మొదట్లో కడితే ఆ ఆదా పదహారేళ్ల పాటు పెరుగుతుంది, చివర్లో అయితే నాలుగైదేళ్లే. కాబట్టి అడగాల్సింది ముందా వెనకా అని కాదు, పన్ను పోను ఏటా 9 శాతం ఖాయంగా ఇచ్చే చోటు మీకు మరొకటి ఉందా అని. నాకు తెలిసినంతలో నష్టభయం లేకుండా అంత ఇచ్చేది దొరకడం కష్టం. మీ వడ్డీ 3, 4 శాతమే అయితే జవాబు వేరుగా ఉండేది.

దీనికి ముందు రెండు పనులున్నాయి. క్రెడిట్ కార్డు, వ్యక్తిగత రుణం వంటి ఎక్కువ వడ్డీ బాకీలుంటే ఆ డబ్బు మొదట వాటికే వెళ్లాలి. అత్యవసర నిధి లేకపోతే తర్వాత దానికి వెళ్లాలి. అప్పుకు కట్టిన డబ్బు ఆసుపత్రి అవసరానికి వెనక్కి రాదు. ఇక పెద్ద మొత్తాలు చేతికి రానివారు ఏడాదికి ఒక వాయిదా అదనంగా కట్టినా 20 ఏళ్ల అప్పు దాదాపు మూడున్నరేళ్ల ముందే తీరుతుంది. కట్టిన ప్రతిసారీ, అది అసలుకే జమ చేసి గడువు తగ్గించామని బ్యాంకు నుంచి రాతలో తీసుకోండి.

ప్రశ్న: భూమి, ఇల్లు ధర ఎప్పటికీ తగ్గదని మా అన్నయ్య నమ్మకం. ఆలస్యం చేస్తే ఇక జన్మలో కొనలేమని తొందరపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నయ్యగారు చూసినంత కాలంలో, చూసిన చోట తగ్గి ఉండకపోవచ్చు. కానీ జపాన్ నగరాల్లో భూమి ధరలు 1991 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత పదేళ్లకు పైగా పడుతూనే వచ్చాయి. అమెరికాలో 2006 నుంచి 2012 మధ్య ఇళ్ల ధరలు దేశం మొత్తం మీద సగటున నాలుగో వంతుకు పైగా పడ్డాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాఖ్త్ అనే కాలువ వెంబడి ఉన్న ఇళ్ల అమ్మకాలను 1628 నుంచి 1973 దాకా పీట్ ఐఖోల్త్స్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. ద్రవ్యోల్బణాన్ని తీసివేస్తే దాదాపు మూడున్నర శతాబ్దాల్లో వాటి విలువ సుమారు రెట్టింపు మాత్రమే అయింది. నగరంలో అత్యంత సంపన్నులు నివసించిన వీధి అది. తాతగారు 50 వేలకు కొన్న ఇల్లు ఇవాళ 50 లక్షలని విన్నప్పుడు, ఆ 50 వేలతో అప్పట్లో ఇంకేమేమి వచ్చేవో కూడా అడగాలి.

అప్పుతో కొన్నప్పుడు ధర కదలిక ప్రభావం మీ సొంత డబ్బు మీద ఎన్నో రెట్లు పడుతుంది. 20 లక్షలు పెట్టి కోటి ఇల్లు కొంటే, ధర 10 శాతం పెరిగినప్పుడు మీ సొమ్ము 20 నుంచి 30 లక్షలవుతుంది, 20 శాతం తగ్గినప్పుడు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఇంట్లోనే ఉంటూ వాయిదాలు కట్టగలిగినంత కాలం ఈ తగ్గుదల కాగితం మీదే ఉంటుంది. అమ్మక తప్పని పరిస్థితి వచ్చినవారే మునుగుతారు. అందుకే తొందరపాటుతో, శక్తికి మించి కొనవద్దనేది. ధర తప్పకుండా పెరుగుతుందన్న ఆశ లేకపోయినా ఆ ఇల్లు మీకు కావాలనిపిస్తే, వాయిదా తేలిగ్గా మోయగలిగితే, అప్పుడు కొనండి.

ప్రశ్న: మా వారు కొంటున్న ఇంటికి నా జీతం కూడా చూపించి, నన్ను సహ రుణగ్రహీతగా సంతకం పెట్టమంటున్నారు. ఇల్లు నాకూ చెందినట్టేనా?

జవాబు: కాదమ్మా. రుణ పత్రం మీద సంతకం మీకు బాధ్యతను ఇస్తుంది, హక్కును కాదు. హక్కు రిజిస్టరైన దస్తావేజులో ఎవరి పేరుందో దాన్ని బట్టి ఉంటుంది. అప్పు ఇద్దరిదైనప్పుడు దస్తావేజులో కూడా ఇద్దరి పేర్లు, ఎవరి వాటా ఎంతన్నదీ ఉండేలా చూసుకోండి. రిజిస్ట్రేషన్‌కు ముందు అయితే ఇది ఒక్క వాక్యంతో అయ్యే పని, తర్వాతైతే మళ్లీ ఖర్చు. భర్తను అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదిది.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఉద్యోగ విరమణ డబ్బు 70 లక్షలుంది. నెలకు 30 వేల పింఛను వస్తుంది. 18 వేల అద్దె ఇంట్లో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయమంటున్నారు. ఇదే ఇల్లు 55 లక్షలకు ఇస్తామంటున్నారు. కొనమంటారా?

జవాబు: అంకెలు మాత్రమే చూస్తే అద్దె మేలు. 55 లక్షలకు 6.5 శాతం వడ్డీ వస్తే ఏడాదికి మూడున్నర లక్షలకు పైగా ఉంటుంది, మీ అద్దె 2 లక్షల 16 వేలు. అద్దె ఏటా 5 శాతం పెరుగుతూ పోతే ఆ వడ్డీని అందుకోవడానికి పదేళ్లు పడుతుంది. కానీ అప్పటికి మీకు 71 ఏళ్లు. అద్దె పెరుగుతూనే ఉంటుంది, అసలును కదపకుండా వడ్డీతో నెట్టుకురావడం అక్కడి నుంచి కష్టమవుతుంది. ఆ వయసులో సామాను సర్దుకుని, కొత్త మెట్లు, కొత్త వీధి, కొత్త డాక్టరును వెతుక్కోవడం ఎంత కష్టమో ఏ లెక్కలోనూ పట్టదు. అందువల్ల మీ విషయంలో సొంత ఇల్లు వైపే నేను మొగ్గుతాను.

అయితే ఈ ఇల్లు కాదు. ఖర్చులతో కలిపి 59 లక్షలు దీనికే పోతే మీ దగ్గర మిగిలేది 11 లక్షలు, ఒక పెద్ద ఆపరేషన్‌కు అందులో ఎంత పోతుందో మీకు తెలుసు. 40 లక్షల లోపు, ఇద్దరికి సరిపడే చిన్న ఇల్లు, ఆసుపత్రికి దగ్గరగా, లిఫ్టు ఉన్నదో కింది అంతస్తులో ఉన్నదో చూడండి. అప్పుడు 27 లక్షల దాకా మిగులుతాయి, అద్దె తప్పడం వల్ల పింఛను మొత్తం ఇంటి ఖర్చులకు ఉంటుంది. అప్పు మాత్రం చేయవద్దు. బేరం మొదలుపెట్టకముందే పాత దస్తావేజుల వరుస అంతా మీరే ఏర్పాటు చేసుకున్న న్యాయవాదికి చూపించండి, అమ్మేవారు సూచించిన న్యాయవాదికి కాదు. రిజిస్ట్రేషన్ మీ ఇద్దరి పేర్ల మీదే చేయించుకోండి. ఎలాగూ పిల్లలదే కదా అని ఇప్పుడే వారి పేరున రాయించవద్దు. వారికి చెందాల్సినదాన్ని వీలునామాలో రాసి, అది ఎక్కడుందో వారికి చెప్పి ఉంచితే సరిపోతుంది.